నాలుగు నూనెలు, ఒక తువ్వాలు

గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫయ్యేళ్లు కమీషన్ కొట్టు నడిపిన బాపయ్య, పేగు కోయించుకుని ఆసుపత్రి మంచమెక్కాక కూడా కుడిచేతి మీది తువ్వాలు తియ్యనివ్వలేదు. ఆకుపచ్చ గౌను తొడిగితే తొడిగించుకున్నాడు. మెడలోకి గొట్టం దింపితే దింపించుకున్నాడు. తువ్వాలు మీద చెయ్యి వేసిన నర్సుని మాత్రం బస్తా జారవిడిచిన హమాలీని కసిరినట్టు కసిరాడు.

"దాని జోలికి పోమాకమ్మా," అని ఆయన భార్య బసవమ్మ ఆ పిల్లని పక్కకి పిలిచి చెప్పింది. "మా సంసారమంతా దాని కిందే నడిచింది."

ఆ నర్సు పేరు స్తుతి. సత్తెనపల్లి అమ్మాయి. మిర్చి యార్డు గురించి వినడమే గాని లోపలికి వెళ్లి ఎరగదు. అందుకని బసవమ్మ కాస్త విడమరిచి చెప్పాల్సి వచ్చింది. బాపయ్య వ్యాపారం నేర్చుకున్న చోట ధర పైకి అనరు. అమ్మేవాడి చేతిమీదా కొనేవాడి చేతిమీదా కలిపి ఒక తువ్వాలు కప్పుతారు. దాని కింద ఎన్ని వేళ్లు పట్టుకుని నొక్కితే అంత ధర. పైకి మాత్రం ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకుంటుంటారు. బేరం కుదిరితే ఒకడు రెండోవాడి మణికట్టు నొక్కుతాడు. మణికట్టు నొక్కితే ఖాయం. ఆ తర్వాత ఏం జరిగినా మాట మారకూడదు. బాపయ్య భోజనానికి వస్తానని రాని రోజులు కోకొల్లలు. సినిమాకి తీసుకెళతానని చెప్పి పదకొండేళ్లు లాగిన సంగతీ ఉంది. మణికట్టు నొక్కిన బేరం మాత్రం ఒక్కటి తప్పలేదు.

2009 జనవరి చివర్లో, యార్డు నిండా కొత్త కాయ దిగి ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో ఆయనకి కడుపునొప్పి వచ్చింది. చిన్నపేగుకి రక్తం అందక మూరెడు మేర నల్లబడిందన్నారు. కోసేసి, మిగిలిన కొసలు రెండూ కలిపి కుట్టారు. ఆ కుట్టు కారింది. అది మానేదాకా నోట్లో మెతుకు కాదు కదా, గుక్కెడు నీళ్లు కూడా పడటానికి వీల్లేదన్నాడు డాక్టరు ప్రేమ్‌చంద్. తిండంతా నరంలోంచే. ఒక సీసాలో చక్కెర, ఒక సీసాలో మాంసకృత్తులు, ఒక సీసాలో కొవ్వు. బసవమ్మ వాటిని అన్నం, పప్పు, నెయ్యి అనుకుంది. అలా అనుకుంటే కొంచెం ధైర్యంగా ఉండేది.

మొదట పెట్టిన కొవ్వు సోయా గింజల నూనెతో చేసింది. మూడు వారాలకి బాపయ్య కళ్లు పచ్చబడ్డాయి. లివరుకి పడటం లేదని డాక్టరు ఆ సీసా ఆపేశాడు. ఆపి పది రోజులైంది. డెబ్భై రెండు కిలోల మనిషి నలభై ఎనిమిదికి దిగాడు. ఒళ్లంతా ఉల్లిపొరల్లా పొట్టు రాలుతోంది. పుండు మూసుకోవడం లేదు. ఒంట్లోకి కొవ్వు పోకపోతే అది మూసుకోదని, మూసుకోకపోతే మనిషి దక్కడని డాక్టరు బసవమ్మకి వరండాలో చెప్పాడు. ఆమె అక్కడే గోడకి ఆనుకుని కాసేపు కూర్చుండిపోయింది. తర్వాత మొహం కడుక్కుని లోపలికి వెళ్లింది.

ప్రేమ్‌చంద్ మంచి డాక్టరు. కొత్తగా ఏదన్నా చదివితే రోగికి కూడా చెప్పందే ఉండలేడు, అదొక్కటే ఆయనలో లోపం. మర్నాడు పొద్దున్నే ఫైలు వెనకవైపు ఒకటి, రెండు, మూడు అని రాసుకుని, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చూడండి బాపయ్య గారూ, నరంలోకి ఎక్కించే కొవ్వు మూడు రకాలు దొరుకుతోంది. ఒకటో నంబరు మీకు పెట్టి ఆపేసిన సోయా. రెండో నంబరులో సోయా, కొబ్బరి సగం సగం. మూడో నంబరు కొత్తది. సోయా, కొబ్బరి, ఆలివ్, చేప, నాలుగు నూనెలు కలిపి చేస్తారు. మీ లివరు ఉన్న స్థితికి మూడోదే మేలు. ఏమంటారు?"

బాపయ్యని 'ఏమంటారు' అని అడిగి తేలిగ్గా బయటపడ్డవాడు గుంటూరులో లేడు. పైగా ఆసుపత్రికి వచ్చినప్పట్నుంచీ ఆయన్ని ఎవరూ ఏ విషయమూ అడగలేదు. తిప్పారు, కోశారు, కుట్టారు, తుడిచారు. ఇన్నాళ్లకి ఒకడు కుర్చీ లాక్కుని కూర్చుని సరుకు గురించి మాట్లాడుతున్నాడు. ఆ పచ్చటి కళ్లలోకి వెలుగొచ్చింది.

"మచ్చు చూపించండి," అన్నాడు.

"మచ్చా?"

"బస్తా విప్పి గుప్పెడు కాయ చూడకుండా ఎవడన్నా కొంటాడా డాక్టరు గారూ?"

సీలు విప్పితే పాడైపోతుందని, విప్పకుండా ఎక్కించాలని డాక్టరు చెప్పాడు. చూడనివ్వని సరుకులో ఏదో ఉంటుందని బాపయ్య అన్నాడు. చివరికి మధ్యేమార్గంగా స్తుతి మూడో నంబరు సీసా తెచ్చి ఆయన కళ్ల ముందు పైకెత్తి పట్టుకుంది. లోపల తెల్లగా, చిక్కగా ఉంది.

"నూనె అని చెప్పి పాలు చూపిస్తున్నారేంది?"

"నూనె నీళ్లలో కలవదు కదండీ. కలవడానికి కోడిగుడ్డు సొనలోది కొంచెం వేస్తారు. అందుకని తెల్లగా ఉంటుంది."

"అంటే నాలుగు నూనెలు కలిపి, గుడ్డు కొట్టి పోశారు." బాపయ్య దీర్ఘంగా ఊపిరి పీల్చుకున్నాడు. "దీన్ని మా యార్డులో కల్తీ అంటారు."

"మా దగ్గర అడ్వాన్స్‌డ్ అంటారండి," అన్నాడు డాక్టరు చిన్నబుచ్చుకుని.

"చేప ఏ చేప? కొర్రమీనా, బొచ్చా?"

"సముద్రం చేపలండి."

"సముద్రం చేపకి నీచెక్కువ. సరే, ఆలోచించి చెబుతా."

ఈ సంగతి ఆ మధ్యాహ్నానికే యార్డుకి పాకింది. బాపయ్యకి ఒంట్లోకి నూనె ఎక్కిస్తారంట, ఏ నూనె అయితే బాగుంటుందో ఎంచుకోమన్నారంట. ఇక చూడాలి. ఆవకాయకి నూనె ఎంచడంలో తలపండిన జనం మనవాళ్లు. చూడ్డానికి వచ్చేవాళ్లు బత్తాయిలు మానేసి నూనెలు తేవడం మొదలుపెట్టారు. ఒకాయన గానుగలో ఆడించిన నువ్వుల నూనె హార్లిక్స్ సీసాలో తెచ్చాడు. వేరుశనగ నూనె మూడు ఇళ్ల నుంచి వచ్చింది. బసవమ్మ తమ్ముడు, ఇప్పుడు కొట్టు చూసుకుంటున్న లక్ష్మీకాంత్ అయితే చిలకలూరిపేట మిల్లులో చెప్పి పత్తిగింజల నూనె ఏకంగా డబ్బానే దించాడు.

"మన నేలలో పండిన గింజ బావా. ఎక్కడిదో ఆలివంట, మన రక్తానికేం తెలుసు దాని సంగతి?"

సాయంత్రానికి మంచం కింద పదకొండు రకాలు చేరాయి. స్తుతి వాటిని చూసి నోరు తెరిచింది. బసవమ్మకి ఒళ్లు మండిపోయింది. మొగుడు అంగుళం అంగుళం తరిగిపోతుంటే వీళ్లకి పోపు బాగోగులు కావాలి. అన్ని సీసాలూ సంచిలో వేసి తమ్ముడి చేతిలో పెట్టి బయటికి పంపింది.

మర్నాడు డాక్టరు సంతకానికి కాగితం తెచ్చేసరికి బాపయ్య ఆలోచన పూర్తయింది. కల్తీని క్షమించాడు. చేపకి ఒప్పుకున్నాడు. గుడ్డుకీ అభ్యంతరం లేదన్నాడు.

"కొబ్బరి నూనె మాత్రం కుదరదండి. నేను కాశీలో వదిలేశాను."

బసవమ్మ నుదురు కొట్టుకుంది. ఆరేళ్ల కిందట యార్డువాళ్లంతా కలిసి రైల్లో కాశీ వెళ్లారు. కాశీకి వెళ్లినవాళ్లు తమకి ఇష్టమైనది ఒకటి అక్కడ వదిలి రావాలి, ఇక జన్మలో ముట్టకూడదు. బసవమ్మ సీతాఫలం వదిలింది. సీతాఫలమంటే ఆమెకి ప్రాణం. గంగలో నిలబడి ఆ మాట అనడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. పక్కనే నడుంలోతు నీళ్లలో నిలబడ్డ బాపయ్య, కొబ్బరి నూనె వదిలేస్తున్నానని ఘాట్ అంతా వినబడేలా చెప్పి మూడు మునకలు వేశాడు.

కొబ్బరి నూనె ఆయన జన్మలో నోట పెట్టింది లేదు. ఆ వాసనే గిట్టదు. బసవమ్మ జడకి రోజూ రాసేది అదే. పెళ్లయిన ముప్ఫై నాలుగేళ్లుగా బస్సులోనూ రైల్లోనూ మంచం మీదా 'అటు జరుగు' అనే మాట ఆమె వింటూనే ఉంది, జరుగుతూనే ఉంది. అలాంటి నూనెని ఇష్టమైనదాని కింద జమకట్టించి, విశ్వనాథుడి దగ్గర బేరం గెలిచిన మొదటి గుంటూరువాణ్ణి నేనేనని రైలు ఇల్లు చేరేదాకా అందరికీ చెప్పుకున్నాడు.

"నోటితో తిననన్నావు గాని నరంలో ఎక్కించుకోనన్లేదుగా బావా," అన్నాడు లక్ష్మీకాంత్.

"తిననన్లా. వదిలేశానన్నా. వదిలేశానంటే అన్ని దార్లూ మూసినట్టే. తర్వాత తకరారు రాకూడదని నేనే ఏరి ఆ మాట వాడాను."

ఇక ఎవరు చెప్పినా అంతే. కొబ్బరి లేనిది ఒకటో నంబరు ఒక్కటే, అది లివరుని తింటోంది. లక్ష్మీకాంత్ అక్కని పక్కకి పిలిచి, సీసా మీది చీటీ చింపేసి, కొబ్బరి లేదని చెప్పి పెట్టించేద్దామన్నాడు.

"తూకానికని నీళ్లు చల్లిన కాయని పదడుగుల దూరం నుంచి పట్టేస్తాడురా," అంది బసవమ్మ. "అయినా నరంలోకి అబద్ధం ఎక్కించమంటావా?"

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు రౌండ్స్‌కి వచ్చిన ప్రేమ్‌చంద్, మంచం పక్కనున్న మిషను చీకటిగా ఉండటం చూసి, పాత అలవాటుకొద్దీ నాడి చూద్దామని తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చాడు. బాపయ్య మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నొక్కిపట్టాడు. గడియారం చూసుకుంటూ, ఊరికే ఉండటం ఎందుకని, "ఈ ఏడు ఎండలు ముందే వచ్చినట్టున్నాయి కదండీ," అన్నాడు.

బాపయ్య కళ్లు పెద్దవయ్యాయి. "అవునండీ," అన్నాడు వినయంగా.

అరనిమిషం తర్వాత డాక్టరు తల ఊపి, "బాగుంది," అని చెయ్యి తీసుకుని వెళ్లిపోయాడు.

"చూశావటే?" అన్నాడు బాపయ్య పెళ్లాంతో. గొంతులో గౌరవం పొంగిపోతోంది. "ఏమీ తెలియనట్టు ఉండి ఎంత పని చేశాడో. మూడు వేళ్లు, అదీ మణికట్టు మీద. మూడో నంబరు ఖాయం చేసిపోయాడు. ఎండల సంగతి కూడా ఎత్తాడు!"

బసవమ్మకి ప్రాణం లేచొచ్చింది. "అయితే సంతకం పెడతావా?"

"ఎట్టా పెడతాను? కాశీలో మాటుందిగా."

"మరి డాక్టరు గారికిచ్చిన మాట?"

"అదీ ఉంది." బాపయ్య పైకప్పుకేసి చూస్తూ నింపాదిగా చెప్పాడు. "ఆయనకీ తప్పకూడదు, ఈయనకీ తప్పకూడదు. అందుకని నేను పోతాను. పోయినవాణ్ణి మాట తప్పాడని ఎవరూ అనరు."

ఆ మాట ఆయన వేళాకోళానికి అనలేదు. లెక్క తేలినవాడిలా తేలిగ్గా కళ్లు మూసుకున్నాడు. బసవమ్మ దిగ్గున లేచింది. పరుగున వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది.

"నేను నాడి చూశానండీ, అంతే!" అని మొత్తుకున్నాడు ప్రేమ్‌చంద్.

బాపయ్య కళ్లు తెరిచి ఆయన్ని జాలిగా చూశాడు. "ధర పడినప్పుడు అందరూ ఇట్టాగే అంటారు డాక్టరు గారూ. మీరు మాట మీద నిలబడే మనిషనుకున్నాను."

"నిలబడతానండీ," అన్నాడు డాక్టరు రోషంగా. దేని మీద నిలబడతానన్నాడో ఆయనకే తెలియదు. బయటికొచ్చాక, ఇక రెండు రోజులు కూడా ఆగలేమని బసవమ్మకి చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు.

బసవమ్మ తిరిగి వచ్చి మంచం పక్కన కూర్చుంది. భయమంతా పోయి కోపమొచ్చింది. ముప్ఫై నాలుగేళ్లు బేరాలు విని విని ఉన్న మనిషి, ఒక్కసారి కూడా నోరు పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది.

"ఏవయ్యా, పైన మంచికాయ పోసి, బస్తా అడుగున తాలుకాయ పెట్టి పంపితే మీ యార్డులో ఏం చేస్తారు?"

రంగు పోయి పుచ్చిన మిరపకాయని తాలుకాయ అంటారు. ఆ పేరు వింటే బాపయ్యకి నిద్రలో కూడా మెలకువొస్తుంది. "ఏం చేస్తారు? లారీ తిప్పి పంపుతారు."

"బేరం తెగాక కూడానా? మణికట్టు నొక్కాక కూడానా?"

"సరుకులో మోసముంటే ఇక బేరమెక్కడిదే? అమ్మినవాడు నోరు మూసుకుని మంచికాయ పంపాలి."

"మరి నువ్వు కాశీలో పోసిందేంది?"

బాపయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇష్టమైంది ఇస్తానని చెప్పి గిట్టనిది పోశావు. పైనా తాలే, అడుగునా తాలే. ఆ పెద్దమనిషి ఆరేళ్లు ఓపికపట్టి ఇప్పుడు లారీ తిప్పి పంపాడు. అదిగో, సీసాలో పెట్టి నీ మంచం దగ్గరికే దించాడు. ఇక కొబ్బరి నూనె బేరం లేదు. మంచి సరుకు పంపు."

బాపయ్య చాలాసేపు సీసాకేసి చూశాడు. వాదానికి సందు వెతికాడని బసవమ్మకి తెలుసు. దొరకలేదని కూడా తెలిసింది, ఎందుకంటే ఆయన గొంతు చిన్నదైపోయింది.

"కారం వదిలేస్తాను."

"డాక్టరు ఎప్పుడో మాన్పించాడు. ఇక జన్మలో తాకొద్దన్నాడు."

"చుట్ట."

"అదీ మాన్పించాడు."

"కొర్రమీను పులుసు."

"గొంతులో నీళ్లకే దిక్కులేదు, పులుసెక్కడిది? చేజారినవాటిని ఇస్తాననడం కూడా తాలుకాయే."

మనసులో ఒక్కొక్కటీ తడుముకుంటున్నట్టు బాపయ్య పెదాలు కదిలాయి. భోజనం పోయింది. నడక పోయింది. కొట్టు బామ్మర్ది చేతికి పోయింది. ఒళ్లు సగం పోయింది. ఇవ్వడానికి ఏమీ మిగల్లేదన్న సంగతి ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

"నా దగ్గర ఇంకేం లేదే బసవా," అన్నాడు. కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

బసవమ్మ కొంగుతో ఆయన చెవులు తుడిచింది. ఎందుకు ఈ మాట ఎత్తానా అనుకుంది. ఏదో ఒకటిలే, వంకాయ వదిలేసెయ్యి అందామనుకుంది. అంతలో బాపయ్య చూపు తన కుడిచేతి మీదికి దిగింది. అక్కడే ఆగిపోయింది.

"అది వద్దులే," అంది బసవమ్మ గబుక్కున.

"ఇష్టమైందంటే ఇదే." ఆయన వేళ్లు తువ్వాలు కింద ఒకసారి ముడుచుకుని విచ్చుకున్నాయి. "ఇక బేరమాడను. తోటకూర కట్టయినా సరే, అడిగినంతా ఇచ్చి కొంటాను. వదిలేశాను."

అది మామూలు మాట కాదని బసవమ్మకి తెలుసు. అంత నిజమైన మాట ఆయన కాశీలోనూ అనలేదు, పెళ్లిపీటల మీదా అనలేదు. ఆయన తువ్వాలు తీసివ్వబోయాడు. ఆమె ఆపింది.

"ఇచ్చేముందు నాతో ఒక్కటి."

జన్మలో మొదటిసారి ఆమె ఆ తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చింది. ఎముకలు తేలిన ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఐదు వేళ్లూ కలిపి పట్టుకుంది. వదిలింది. మళ్లీ ఐదూ పట్టుకుంది.

దేని గురించి బేరమో బాపయ్య అడగలేదు. ఆమె మొహంలోకి చూశాడు. తను ఇంకా బతకాల్సిన ఏళ్ల గురించి అని అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడు ఎండలు ముందే వచ్చాయి," అన్నాడు పైకి, రెండు వేళ్లు పట్టుకుని.

"అవును. కుండలో నీళ్లు కూడా చల్లబడటం లేదు," అంది బసవమ్మ. ఆ రెంటికీ చెయ్యి విదిలించుకుని బయటికి తీసింది. మళ్లీ లోపలికి పోనిచ్చి, ఐదూ, ఐదూ నొక్కింది.

ఆయన మూడన్నాడు. ఆమె వినలేదు. ఆయన నాలుగు దగ్గర చాలాసేపు ఆగాడు. ఆమె ఇంకా ఎండల గురించే మాట్లాడుతోంది. ముప్ఫయ్యేళ్లలో యార్డులో ఎవడూ ఆయన్ని అంతసేపు నిలబెట్టలేదు. చివరికి ఎంత దగ్గర కుదిరిందో ఆ ఇద్దరికే తెలుసు. తర్వాత లక్ష్మీకాంత్ ఎన్నిసార్లు అడిగినా బసవమ్మ చెప్పలేదు. బాపయ్య చెయ్యి మెల్లగా పైకి పాకి ఆమె మణికట్టు నొక్కింది. బలం లేని నొక్కుడే గాని, నొక్కుడే.

ఆయన సంతకం పెట్టాడు. బసవమ్మ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుగున దాచింది. స్తుతి మూడో నంబరు సీసా తగిలించింది. తెల్లటి చుక్క ఒకటి దిగింది, దాని వెనక ఇంకొకటి. ప్రేమ్‌చంద్ పక్కనే నిలబడి చుక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు. బసవమ్మ దిండు సరిచేద్దామని వంగింది.

"కొబ్బరి నూనె వాసనొస్తోంది," అన్నాడు బాపయ్య.

"రాదండీ," అన్నాడు డాక్టరు. "నరంలోకి పోయేదానికి వాసన తెలిసే వీలే లేదు."

వాసన ఎక్కడిదో బసవమ్మకి తెలుసు. వంగినప్పుడు ఆమె జడ ముందుకి జారి ఆయన చెంప మీద పడింది. ముప్ఫై నాలుగేళ్ల అలవాటు, ఆయన అనకముందే ఆమె వెనక్కి అడుగేసింది.

"జరగమాక," అన్నాడు బాపయ్య.